మట్టి చూడ్డానికి పదిహేను వందలా? గుంటూరులో చేయించిన మట్టి పరీక్ష మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయట్లేదు, కామెంట్లలో అడిగినా చెప్పను. నాకు జరిగిందాంట్లో సగం మెచ్చుకునేది, సగం తిట్టుకునేది, పైగా వచ్చిన కుర్రాడి ఉద్యోగం ఊడగొట్టడం నాకిష్టం లేదు. ఎరువుల కొట్టు నడుపుతూ "మీ పొలానికే వచ్చి మట్టి చూస్తాం" అనే రకం షాపు, గుంటూరులో. అంతే.

మాది ప్రత్తిపాడు వైపు. రెండెకరాల అరవై సెంట్లు, అచ్చమైన నల్లరేగడి. నేను విజయవాడలో ఉద్యోగం, శని ఆదివారాలు ఊళ్లో. నాన్న మిర్చి వేస్తాడు, ధర బాగోలేదనిపిస్తే ఓ ఏడు పత్తి. గొడవంతా నీళ్లతోనే. వాన ఆగి నాలుగైదు రోజులైనా మా చేలో నీళ్లు తీయవు, పక్క చేను వాళ్లు గుంటక తోలుకుంటుంటే మేం గట్టు మీద నిలబడి చూడటమే, దిగితే చెప్పు బురదలోనే ఉండిపోతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడైతే చేను మొత్తం ఉరకెత్తి (నీళ్లు నిలిచి వేళ్లకి ఊపిరాడక), కాయ మీదున్న మొక్క నిలువునా వడలిపోయింది. ఆ దెబ్బతో నాన్నకి ఒకటే మందు దొరికింది: ఆకు పసుపు తిరిగితే యూరియా, ఇంకా తిరిగితే ఇంకో కట్ట.

మట్టి పరీక్ష మాకు కొత్తేం కాదు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు మా ఇంట్లోనూ ఉంది, దేవుడి పటం వెనక. అందులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, పీహెచ్ (మట్టి పులుపా క్షారమా చెప్పే అంకె) ఇలాగ. మాది నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ, జింకు తక్కువ. నల్లరేగడిలో చాలామందికి ఇలాగే వస్తుంది. కానీ నీళ్లు ఎందుకు ఇంకట్లేదో ఆ కార్డు చెప్పదు, అది దాని పని కాదు. అందుకే 1,500 కట్టి వీళ్లని పిలిచాను. "మట్టిని చూడ్డానికి పదిహేను వందలా? నలభై ఏళ్ల నుంచి ఊరికే చూస్తున్నా" అన్నాడు నాన్న.

మే మొదటి వారంలో ఇద్దరొచ్చారు, తొమ్మిదన్నారు, వచ్చేసరికి పదకొండున్నర, ఎండ మాడిపోతోంది. అప్పటికి చేనంతా నెర్రెలు, కొన్నిట్లో చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. అందులో పెద్దవాడు అగ్రికల్చర్ డిప్లొమా చేసిన కుర్రాడట, వాడికి మాత్రం ఐదుకి ఐదు ఇస్తా. ఓ బెడ్డ తీసుకుని, నీళ్లు చిలకరించి, జంతికల పిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లాగా సాగదీశాడు. రెండంగుళాలు దాటినా తెగలేదు. తర్వాత సన్న తాడులా చేసి ఉంగరంలా వంచాడు, పగుల్లేదు. "బాబాయ్ గారూ, ఇది సగానికి సగం బంకే, ఇసుక చేతికి తగలట్లేదు చూడండి" అన్నాడు. నాన్న కూడా తీసుకుని నొక్కి చూసి ఏం మాట్లాడలేదు. అంటే ఒప్పుకున్నట్టే.

అసలు పని ఆ తర్వాత. మూడడుగుల లోతు గుంట తవ్వారు, పలుగుతో, మా పాలేరు కూడా సాయం పట్టాడు. చెప్పుకోవాల్సిందంతా ఆ గుంట గోడ మీదే ఉంది. పైన ఎనిమిది అంగుళాలు నల్లటి మట్టి, ఫర్వాలేదు, వేళ్లున్నాయి. దాని కింద నాలుగంగుళాల మందాన పలకలాంటి పొర, పలుగు పోటు వేస్తే ఖణేల్‌మంది. ఏటా అదే లోతులో రోటవేటర్, అదీ తడి మీదే తిప్పి తిప్పి మేమే తయారుచేసుకున్న పొర అది. కిందటేడు పత్తి మోడు వేరు ఒకటి అక్కడిదాకా నిటారుగా దిగి, ఆ పొర తగలగానే పక్కకి తిరిగి అడ్డంగా పోయింది, గోడకి చేరబడి కాళ్లు చాపుకుని కూర్చున్న మనిషిలా. ఆ వేరు ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ పొర కింద మట్టి నలుపు కాదు, బూడిద రంగు, మధ్యమధ్యలో తుప్పు చారలు, పాత వేళ్లు పోయిన దారి పొడుగునా. కుర్రాడు చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. మట్టిలో ఇనుము ఉంటుంది, గాలి ఆడితే తుప్పు రంగులో ఉంటుంది, నీళ్లు నిలిచి వారాల తరబడి గాలి అందకపోతే ఆ రంగు కరిగిపోయి బూడిద రంగు మిగులుతుంది, వేరు పోయిన సందులో కాస్త గాలి దూరుతుంది కాబట్టి అక్కడ మాత్రం తుప్పు. అంటే వానాకాలంలో నీళ్లు ఎంత పైదాకా నిలుస్తున్నాయో మే ఎండల్లో కూడా గోడ మీద గీత గీసినట్టు కనపడుతుంది. ఇంకా కింద తెల్లటి సున్నపు గులకలు, యాసిడ్ చుక్క వేస్తే సోడాలా పొంగాయి. ఓ పెద్ద బెడ్డ విరిస్తే లోపలి ముఖం నూనె రాసినట్టు నున్నగా మెరిసింది. వానకి ఉబ్బి, ఎండకి ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి జారి జారి అలా అవుతుందట. మా నేలలో రాతి స్తంభాలు ఏటా పక్కకి ఒరిగిపోవడం గుర్తొచ్చింది, నేను ఇన్నాళ్లూ గేదెల మీద నెట్టేవాడిని.

నీళ్లు ఇంకే పరీక్ష దగ్గర నాన్న గెలిచాడనుకున్నాడు. పక్కనే అడుగు లోతు చిన్న గుంట తీసి నీళ్లు పోస్తే పది నిమిషాల్లో మాయం. "ఇంకవన్నావుగా?" అని నా వైపు చూశాడు. "అవి నెర్రెల్లోకి పోయాయి బాబాయ్ గారూ, సాయంత్రం రెండుసార్లు నింపండి, రాత్రి మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి, పొద్దున మళ్లీ నింపి స్కేలు పెట్టి చూడండి" అని వాళ్లు వెళ్లిపోయారు. పొద్దున్నే మా అన్న కూతురి స్కేలు పట్టుకెళ్లి నేనే కొలిచాను. గంటకి మూడు మిల్లీమీటర్లు కూడా దిగలేదు. గుంట పక్కన బీడీ కాలుస్తూ నాన్న, స్కేలు పట్టుకుని నేను. పరీక్ష అవసరం లేకుండా ఈ ఒక్క పని ఎవరైనా చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఇక తిట్లు. పది రోజుల్లో అన్న రిపోర్టు పంతొమ్మిదో రోజు వచ్చింది, మొత్తం ఇంగ్లీషులో. ఆ కుర్రాడు గుంటలో నిలబడి చెప్పిన గట్టి పొర, బూడిద రంగు, తుప్పు చారలు, ఒక్క ముక్క లేదు. ఉన్నదల్లా పీహెచ్ 8.1, పోషకాల పట్టిక, కింద బోల్డ్ అక్షరాలతో "ఎకరానికి రెండు టన్నుల జిప్సం". జిప్సం ఎక్కడ దొరుకుతుందయ్యా అంటే వాళ్ల కొట్లోనే. జిప్సం మంచిదే, కాదనట్లేదు. కానీ అది మట్టిలో సోడియం ఎక్కువై చవుడు తిరిగిన నేలకి. పీహెచ్ 8.5 దాటి, మట్టి రేణువులు పట్టుకున్న కాల్షియం, మెగ్నీషియం లాంటివాటిలో సోడియం వాటా 15 శాతం దాటితే అప్పుడు దాని పని. మా రిపోర్టులో సోడియం గడి ఖాళీ. కొలవకుండా ఎలా రాశారని ఫోన్ చేస్తే "నల్లరేగడి అంటే అందరికీ అదే ఇస్తాం సార్" అన్నాడు కౌంటర్లో ఆయన. పట్టుబట్టి ఇంకో 300 కట్టి కొలిపిస్తే 6 శాతం వచ్చింది. రెండెకరాల అరవై సెంట్లకి ఐదు టన్నుల పైన జిప్సం, లోడు కిరాయి, కూలీ అన్నీ దండగయ్యేవి. జిప్సం గట్టి పొరని చీల్చదు కదా.

కుర్రాడికి విడిగా ఫోన్ చేస్తే, పాపం, అరగంట మాట్లాడాడు. వాడు చెప్పినవే చేశాం. పొలం ఎండి ఉన్నప్పుడే సబ్‌సాయిలర్ (నేలని లోతుగా చీల్చే నాగలి) వేయించమన్నాడు, తడి మీద వేస్తే పొర పగలదు, ఇంకా మెత్తుకుపోతుందట. పచ్చిరొట్టకి జీలుగ చల్లి పూత దశలో కలియదున్నాం. చదును మడుల బదులు నాలుగడుగుల వెడల్పు ఎత్తు మడులు, మధ్య కాలువలు, వాలు వైపుకి. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు నల్ల నేలలకని ఎప్పుడో చెప్పిన పద్ధతే అది. పల్లం మూలన మురుగు కాలువ తీయడం మాత్రం గొడవైంది. మా వైపు నీళ్లు చివరికి పెద్ద మురుగు కాలువ నల్లమడ డ్రెయిన్‌కే పోవాలి, కానీ మధ్యలో పక్క చేను గట్టుంది. "నీ నీళ్లు నా నెత్తిన పోస్తావా" అన్నాడు మా వరసకి మామయ్య అయ్యే ఆయన. రెండు తూములు మా ఖర్చుతో వేశాక శాంతించాడు.

యూరియా సంగతి కూడా వాడే తేల్చాడు. నీళ్లు నిలిచిన నేలలో గాలి ఉండదు, వేరు తినలేదు, వేసిన నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ముందు నీళ్లు తీసి, ఆ తర్వాత ఆకుల మీద పిచికారీ చేసుకోవాలి. నాన్న ఇది విన్న మొహం చూడాల్సింది, ఎన్ని కట్టలు గాల్లో కలిపాడో లెక్కేసుకుంటున్నట్టుంది.

ఫలితం: మొన్నటి మూడు రోజుల ముసురుకి నీళ్లు రోజున్నరలో తీశాయి. పల్లం మూల పదిహేను సెంట్లు ఇంకా అలాగే ఉంది, అక్కడ ఈ ఏడు మిర్చి పెట్టట్లేదు.

రేటింగ్: పొలానికి వచ్చి చూసిన పనికి ఐదు, రిపోర్టుకి ఒకటి, కౌంటర్లో ఆయనకి సున్నా. పోషకాల వరకే కావాలంటే ఇంత డబ్బు పెట్టక్కర్లేదు, ప్రభుత్వ ల్యాబ్ చాలు, లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) దగ్గరే ఉంది కాబట్టి అక్కడి శాస్త్రవేత్తలని అడగొచ్చు. ఇలాంటి సర్వీస్ తీసుకుంటే మాత్రం గుంట తవ్వుతారా లేదా ముందే అడగండి, ఆగర్‌తో (బర్మాలా తిప్పి మట్టి తీసే పనిముట్టు) రెండు పిడికిళ్లు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి డబ్బులివ్వకండి. జిప్సం రాస్తే సోడియం ఎంతొచ్చిందని అడగండి. గుంట ఫోటోలు మీరే తీసి పెట్టుకోండి, రిపోర్టులో రావు.

మా స్కేలు గుంట ఇంకా పూడ్చలేదు. నేను పూడుద్దామంటే నాన్న ఉండనీ అన్నాడు. స్కేలు కూడా తిరిగివ్వలేదు, మా అన్న కూతురు కొత్తది కొనుక్కుంది.