టిబెటన్ స్వెట్టర్ల కొట్టు, విశాఖపట్నం: సరుక్కి నాలుగు స్టార్లు

లంబసింగి ప్రయాణం పెట్టుకుని మా ఆవిడకో కార్డిగన్, నాకో జిప్పు జాకెట్టు కొన్నాం. రెండూ కలిపి 2,300. చీటీ మీద ఉన్నదే రేటు, బేరమాడితే నవ్వి ఊరుకుంటారు. కార్డిగన్ ఉతికాక సాగలేదు. జాకెట్టు జిప్పు మొరాయిస్తే మారుమాట లేకుండా ఇంకోటి ఇచ్చారు. టిబెట్ ఉన్ని అనుకునేరు, సరుకంతా లూథియానాది. అక్కడి టోకు వ్యాపారులు అరువిస్తారు, వీళ్లు చలికాలమంతా అమ్మి తీరుస్తారు.

కొట్టు నడిపేది అక్కాతమ్ముళ్లు. ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరి నుంచి వస్తారు. 1963లో అక్కడ టిబెటన్లకు సెటిల్‌మెంట్ పెట్టారు. వానాకాలం మొక్కజొన్న, చలికాలం స్వెట్టర్లు. ఆమె తెలుగు అచ్చం పర్లాకిమిడి యాస!

నేను కోర్టు గుమస్తాగా రిటైరైనవాణ్ణి, కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. కొట్టు అనుమతి పత్రం పక్కనే ఆర్.సి. జెరాక్సు ఉంది. బండి ఆర్సీ కాదు, విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. అది అక్కది. పుట్టింది చంద్రగిరిలోనే. "అయిదేళ్లకోసారి రెన్యువల్ అంకుల్" అంది.

1959లో దలైలామాతోనూ ఆ తర్వాతా వచ్చినవాళ్లకు నెహ్రూ ప్రభుత్వం భూమి ఇచ్చింది, బడులు పెట్టింది. శరణార్థుల చట్టం మాత్రం మనకు ఇవాళ్టికీ లేదు. 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన సంతకమూ లేదు. వీళ్లకు వ్యాపార లైసెన్సులివ్వండి, బజార్లకు చోటు చూపండి అని 2014లో కేంద్రం ఒక పునరావాస విధానం తెచ్చింది. అది విధానమే. ఇవ్వకపోతే పిటిషన్లో రాసుకోవడానికి సెక్షను నంబరేదీ? 2019 పౌరసత్వ సవరణలోనేమో పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్‌లే ఉన్నాయి.

అసలు తిరకాసు 1955 పౌరసత్వ చట్టంలో ఉంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టినవాళ్లు, తల్లిదండ్రులెవరైనా సరే, పుట్టుకతో పౌరులు. టిబెటన్లకూ ఇది వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు ఒక యువతి కేసులో తేల్చింది. ఆ తేదీ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. వీళ్ల అమ్మానాన్నలు టిబెట్‌లో పుట్టినవాళ్లు. అక్క 1985, తమ్ముడు 1990. పాస్‌పోర్టు అడిగే హక్కు అక్కకుంది, తమ్ముడికి లేదు.

"మరి నువ్వెందుకు తీసుకోలేదమ్మా?" అన్నాను. 2017లో పెట్టిన షరతులు చెప్పింది: ఆర్.సి. వదులుకోవాలి, సెటిల్‌మెంట్‌లో ఉండకూడదు. "ఇల్లు అక్కడే కదా అంకుల్."

వాళ్ల మేనమామకు అమెరికా చట్టం కలిసొచ్చింది. 1990 వలస చట్టంలో, ఇండియా, నేపాల్‌లలో ఉంటున్న టిబెటన్లకని 1,000 వీసాలు రాసిపెట్టారు. లాటరీలో ఆయన పేరు తగిలి మినియాపొలిస్ వెళ్లిపోయాడట. వెయ్యంటే చారెడే. అయినా సెక్షన్ 134 అని వేలు పెట్టి చూపించడానికి ఓ చోటుంది. మా గుమస్తాలకు అది చిన్న సంగతి కాదు.

ఒక స్టారు తగ్గించింది ట్రయల్ రూము లేనందుకు. నడిరోడ్డు మీద చొక్కాపైనే తొడిగి చూసుకోవాలి. ఫోన్‌పే ఉంది. సంక్రాంతి దాటాక రేట్లు కొంచెం దించుతారు గానీ అప్పటికి డబుల్ ఎక్సెల్ ఉండదు. వాళ్ల కొత్త సంవత్సరం లోసార్ లోపు కొట్టే ఎత్తేస్తారు. కాస్త ఒళ్లున్నవాళ్లు నవంబరులోనే వెళ్లండి.