హేవ్‌లాక్‌లో రెండు రాత్రులా, నీల్‌లో రెండు రాత్రులా?

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే చాలు, మా విజయవాడ పటమటలో ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: "మీరు అండమాన్ వెళ్లొచ్చారుగా, హేవ్‌లాక్‌లో ఎన్ని రోజులుంటే సరిపోతుంది?" పక్కనే ఉన్న నీల్ దీవి గురించి మాత్రం ఎవరూ అడగరు. వాళ్ల తప్పేం లేదు. ట్రావెల్స్ వాళ్లు చేతిలో పెట్టే కాగితం మీద సాధారణంగా హేవ్‌లాక్‌కి రెండు రాత్రులుంటాయి, నీల్‌కి ఒకటి. కొన్నిటిలో నీల్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయడమే. నేను పెళ్లైన కొత్తలో ఆ కాగితం ప్రకారమే తిరిగాను. రెండోసారి అత్తయ్యగారిని, పన్నెండేళ్ల అబ్బాయిని, ఏడేళ్ల పాపని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు లెక్క తిరగేశాం. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే నీల్‌కే రెండు రాత్రులివ్వాలని అప్పటినుంచీ అందరికీ చెబుతున్నాను.

ముందు పేర్ల సంగతి. ఫెర్రీ టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటే అది హేవ్‌లాక్, షహీద్ ద్వీప్ అంటే నీల్. 1943లో సుభాష్ చంద్రబోస్ అండమాన్, నికోబార్‌లకు పెట్టిన షహీద్, స్వరాజ్ అన్న పేర్లనే 2018 డిసెంబరులో ఈ రెండు దీవులకూ పెట్టారు. హేవ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సైన్యాధికారులు. వాళ్ల పేర్లు పోవడం నాకు సంతోషమే, కానీ జనం నోట ఇంకా పాతవే ఆడుతున్నాయి కాబట్టి నేనూ అవే రాస్తున్నాను. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురం.

"మన సూర్యలంకలో నీళ్లు మట్టిరంగులో ఉంటాయి కదా, ఇక్కడెందుకమ్మా అడుగు కనిపిస్తోంది?" అని మా అబ్బాయి జెట్టీ మీద నిలబడి అడిగాడు. మన తీరానికి కృష్ణ, గోదావరి ఒండ్రు మోసుకొస్తాయి. డెల్టా పొలాలకు ప్రాణం పోసిన ఆ మట్టే సముద్రంలో కలిసి నీళ్లను మసకబారుస్తుంది. అండమాన్‌లో అలాంటి పెద్ద నది ఒక్కటీ లేదు. తేట నీళ్లలో వెలుతురు లోపలిదాకా దిగుతుంది, వెలుతురుంటేనే పగడాలు పెరుగుతాయి. ఆ పగడపు దిబ్బలు అరిగి అరిగి పొడైతే మనం మురిసిపోయే తెల్ల ఇసుక అవుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే రెండు దీవుల్లో ఎక్కడ ఏం చూడాలో తేలిగ్గా అర్థమవుతుంది.

ఇసుక కోసమే అయితే హేవ్‌లాక్‌ను మించింది లేదు. జెట్టీకి అవతలి వైపున్న రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచ్ అంది. 2020లో శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. వెనక ఆకాశాన్నంటే చెట్లు, ముందు మెత్తటి పిండిలాంటి ఇసుక, మెల్లగా లోతయ్యే నీళ్లు. అక్కడ పగడాలు చూద్దామని కళ్లద్దాలు తగిలించుకుని దిగితే ఇసుక తప్ప ఏమీ కనబడదు. అలల్లో ఆడుకోవడానికి, సూర్యాస్తమయం చూడ్డానికి వెళ్లాలి. ఆ అస్తమయం విషయంలోనే మనవాళ్లు ఎక్కువగా మోసపోతారు. గడియారం మన దేశపు గడియారమే, కానీ అండమాన్ చాలా తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు విజయవాడ కంటే దాదాపు 50 నిమిషాలు ముందే మునుగుతాడు. భోజనం చేసి, ఓ కునుకు తీసి ఐదింటికి బయల్దేరితే చలికాలంలో చీకటే మిగులుతుంది. మూడున్నరకల్లా అక్కడుండాలి. నీళ్లలో లైఫ్‌గార్డులు చూపించిన హద్దు దాటొద్దు. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి, 2010లో ఈ బీచ్ దగ్గరే ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి వాత పడింది. భయపెట్టాలని కాదు, పిల్లలతో వెళ్లేవాళ్లకు తెలియాలని చెబుతున్నాను.

నీళ్ల అడుగుకి దిగాలంటే కూడా హేవ్‌లాకే. వీపున గాలి సిలిండరుతో దిగే స్కూబా నీల్‌లోనూ ఉంది, కానీ డైవింగ్ స్కూళ్లు, శిక్షకులు, పడవలు ఇక్కడ ఎక్కువ. పదేళ్లు నిండినవాళ్లు ఈత రాకపోయినా శిక్షకుడితో దిగొచ్చు. మా అబ్బాయి, నేను నెమో రీఫ్ దగ్గర ఒడ్డునుంచే నడుచుకుంటూ దిగాం. మొదటి రెండు నిమిషాలూ నోటితో గాలి పీల్చడం చేతకాక గుండె దడదడలాడింది. కొంచెం కిందికి దిగేసరికి చెవులు పోటెత్తాయి. ముక్కు గట్టిగా మూసుకుని లోపల్నుంచి ఊదమని శిక్షకుడు చేత్తో చూపించాడు, టప్‌మని చెవి తెరుచుకుంది. తర్వాత వినిపించిందల్లా నా ఊపిరి, పైకి పోతున్న బుడగల చప్పుడు. పసుపు కుచ్చులా అటూఇటూ ఊగుతున్న సముద్ర పుష్పంలోంచి నారింజ రంగు చేప తల బయటపెట్టి, నా వేలంత కూడా లేదు, మమ్మల్ని తరమడానికి ముందుకొచ్చింది! తన ఇంటి మీద దానికి అంత పట్టుదల. అబ్బాయి నా చెయ్యి నొక్కిన నొక్కు ఇప్పటికీ గుర్తే.

ఎలిఫెంట్ బీచ్ మాత్రం నాకు అంతగా నచ్చలేదు. జెట్టీ నుంచి పడవలో వెళ్తే ట్యూబు పట్టుకున్న మనల్ని గైడు లాక్కెళ్లి పగడాలు చూపిస్తాడు, జెట్ స్కీ, నీళ్ల అడుగున నడిపించే సీ వాక్ అన్నీ అక్కడే. జనం ఎక్కువ, తొందర ఎక్కువ. అడవిదారిన నడిచి వెళ్తే ఆ నడకే బాగుంటుంది, వాన పడితే మాత్రం బురద. కాలాపత్థర్ బీచ్ తెల్లవారుజామున ఒక గంట చూసి రావచ్చు.

ఇక నీల్. సైకిలు మీద ఈ కొసనుంచి ఆ కొసకు పోయి రాగలిగినంత దీవి. దేశ విభజన తర్వాత ఇక్కడ స్థిరపడ్డ బెంగాలీ కుటుంబాలు ఊళ్లకీ బీచ్‌లకీ రామాయణం పేర్లు పెట్టుకున్నాయి: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్. రోడ్డుకి అటూఇటూ వక్క తోటలు, కూరగాయల మళ్లు. పోర్ట్ బ్లెయిర్‌కి కూరగాయలు పంపే దీవి ఇది. మా అత్తయ్యగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. హేవ్‌లాక్‌లో రోజంతా కుర్చీ వదలని మనిషి ఇక్కడ ఆటో ఆపించి మరీ దిగి, ఒక పాదులో బీరకాయ పట్టుకుని చూసి, "నీళ్లు ఎక్కడినుంచి పెడుతున్నారో కనుక్కోవే" అన్నారు.

భరత్‌పూర్ బీచ్ జెట్టీ పక్కనే. లోతు తక్కువ, అలలు చిన్నవి, పాప నడుముల్లోతు నీళ్లలో గంటల తరబడి ఆడుకుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, నీళ్లలో దిగనన్నారు. అడుగున గాజు పలక బిగించిన పడవ ఎక్కించాం. పడవతను మా మాటలు విని, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. వాళ్ల తాతలు టెక్కలి నుంచి వచ్చారట. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన తెలుగువాళ్లు అండమాన్‌లో చాలామంది ఉన్నారు, మాట కలిపితే చాలు. "మామ్మగారూ, ఇటు చూడండి" అంటూ పడవ ఆపి ఆపి చూపించాడు. మెదడులా ముడతలు పడ్డ పగడం, జింక కొమ్ముల్లాంటి పగడం, వాటిని కొరుకుతున్న నీలం చిలక చేపలు. చీర కుచ్చిళ్లు కూడా తడవకుండా ఆవిడ సముద్రం అడుగు చూశారు. మా ప్రయాణంలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఆ అరగంటే.

నీల్‌కి రెండు రాత్రులు కావాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఆటుపోట్లు. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడే దాని దగ్గరికి వెళ్లగలం. మొదటిసారి మా ఏజెంటు ఆ సంగతి చూసుకోకుండా మమ్మల్ని పోటు మీద తీసుకెళ్లాడు. రాళ్లన్నీ మునిగిపోయి ఉన్నాయి, దూరంనుంచే చూసి ఫెర్రీకి పరుగెత్తాం. అంత దూరం పోయి చూడలేకపోయామన్న బాధ చాలాకాలం ఉండిపోయింది. అదే ఆటు వేళ భరత్‌పూర్‌లో నీళ్లు దూరంగా పోయి పడవలు ఇసుకలో కూర్చుంటాయి. అంటే వంతెనకి ఆటు కావాలి, గాజు పడవకి పోటు కావాలి. ఒక్క పూటలో రెండూ కుదరడం కష్టం. పైగా పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు జరుగుతుంటుంది, అందుకే నిరుడు వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైము పనికిరాదు. బస చేసినచోట అడిగితే ఆ రోజు వేళలు చెబుతారు.

రెండోసారి ఆటు చూసుకుని వెళ్లాం. చచ్చిన పగడపు రాళ్లమీద నడక, జారుడు, బూట్లు లేకపోతే పాదాలు కోసుకుపోతాయి. అత్తయ్యగారు మొదటి నీటిగుంట దగ్గరే కూర్చున్నారు. అందులో నల్ల కాకరకాయలాంటి ప్రాణి ఒకటి మెల్లగా ముడుచుకుంటోంది, చీపురుపుల్లల్లాంటి కాళ్లున్న సముద్ర నక్షత్రం ఒకటి రాయి కిందికి దూరుతోంది. పాప ఒక శంఖం తీసి జేబులో వేసుకుంటే గైడు తీయించి తిరిగి నీళ్లలో పెట్టించాడు. లోపల ఎండ్రకాయ కాపురముంది. పగడం ముక్కలు, చచ్చినవైనా సరే, తెచ్చుకోవడం నేరం. విమానాశ్రయంలో బయటపడితే ఇబ్బందే.

విజయవాడ నుంచి వెళ్లేవాళ్లకు దారి కూడా ఈ లెక్కకే సరిపోతుంది. చెన్నై దాకా రైల్లోనో, హైదరాబాద్ మీదుగానో పోయి పోర్ట్ బ్లెయిర్ విమానం ఎక్కాలి, అక్కడ దిగాక దీవులకు ఫెర్రీ. ముందు హేవ్‌లాక్ వెళ్లి స్కూబా ముగించుకుని, అక్కణ్ణుంచి గంట ఫెర్రీలో నీల్ చేరి చివరి రెండు రాత్రులు అక్కడ గడపండి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు, ఇంకా మంచిది ఒక పూర్తి రోజు, విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలై ప్రాణం మీదికి తెస్తుంది. నీల్ వెనక పెట్టుకుంటే ఆ గడువు దానంతటదే గడిచిపోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పెద్దవాళ్లతో ఫెర్రీ ప్రయాణం వద్దనే చెబుతాను.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు లేకుండా స్నేహితులంతా కలిసి వెళ్తుంటే నేను చెప్పినదంతా తిరగేసుకోండి. హేవ్‌లాక్‌లో మూడు రాత్రులైనా చాలవు. వెన్నెల లేని రాత్రి కయాక్ అనే సన్నటి పడవలో తెడ్డు వేస్తే నీళ్లు నీలంగా మెరుస్తాయి, చిన్న చిన్న జీవుల వెలుగది. మా అబ్బాయీ వాళ్ల నాన్నా వెళ్లిన రాత్రి వెన్నెల కాస్తూ ఉంది, వాళ్లకు ఆ మెరుపు సరిగా కనబడలేదు. అందుకే మొన్న పక్కింటివాళ్లు ప్యాకేజీ కాగితం పట్టుకొస్తే హేవ్‌లాక్ పక్కన 2 కొట్టేసి నీల్ పక్కన రాశాను, వాళ్ల వంటింటి గోడకున్న క్యాలెండర్ తీసుకురమ్మని అమావాస్య ఎప్పుడో చూశాం.