సింక్‌థింగ్‌తో నాలుగేళ్ళు: ఒక బైటు ఫైలు కథ

వారానికో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, నెల తిరక్కుండానే పీకేయడం నాకున్న జబ్బు. ఎవరైనా "ఇది చూశావా" అంటూ లింకు పంపితే చాలు, ఆ రాత్రికే అది నా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. అలా వచ్చినవాటిలో నాలుగేళ్ళుగా కదలకుండా కూర్చున్నది సింక్‌థింగ్ ఒక్కటే. ఒక ఫోల్డర్‌ని మన ఫోన్లో, కంప్యూటర్లలో ఎప్పుడూ ఒకేలా ఉంచడం దాని పని. ఈలోగా నోట్స్ యాప్‌లు ఆరు మార్చాను, బ్రౌజర్లు మూడు మార్చాను. ఫైళ్ళు ఎవరి సర్వర్లోనూ దాచకుండా మన మెషీన్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయనీ, ఓపెన్ సోర్స్ అనీ, ఉచితమనీ మీరిప్పటికే పదిసార్లు చదివుంటారు. నేనూ వాటి కోసమే మొదలుపెట్టాను. కానీ ఇప్పటికీ వదలకపోవడానికి కారణం ఫోల్డర్ సెట్టింగుల్లో ఉండే 'ఫైల్ వెర్షనింగ్' అనే ట్యాబ్, అంటే ఫైలు మారినప్పుడు పాత ప్రతిని పక్కన దాచే ఏర్పాటు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు.

నేనూ కావాలని పోలేదు. పెట్టిన కొత్తలో ఏది నొక్కితే ఏమవుతుందోనని అన్నీ కెలుకుతున్నప్పుడు, మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో దాన్ని అందులో ఉన్న పద్ధతుల్లో ఒకటైన 'స్టాగర్డ్' మీద పెట్టి మర్చిపోయాను. ఆ డెస్క్‌టాప్‌కి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగం పగలూ రాత్రీ ఆన్‌లో ఉండటం. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకేసారి మెలకువగా ఉండవు కదా, అందుకని మధ్యవర్తిగా పెట్టుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. నా దగ్గర 'పనికొచ్చేవి' అనే టెక్స్ట్ ఫైలు ఒకటుంది. చూసిన ప్రతి టూల్ గురించి రెండు ముక్కలు, కష్టపడి కనుక్కున్న కమాండ్లు, ఏ ఎర్రర్ వస్తే ఏం చేయాలో, పీడీఎఫ్ పేజీలు విడదీయడానికి ఏ సైటు మంచిదో, అన్నీ అందులోనే. ఒక వరసా పాడూ ఏమీ లేదు. కావాల్సింది వెతుక్కోవడమే. పోగుపడి పోగుపడి నాలుగు వేల లైన్లు దాటింది.

2023 జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున, ఫోన్లో ఆ ఫైలు తెరిచి ఒక కమాండ్ కాపీ చేసుకుందామని వేలు నొక్కిపట్టాను. 'సెలెక్ట్ ఆల్' తగిలి ఫైలంతా నీలంగా మారింది. సరే తీసేద్దామని వేలు కదిపేలోగా స్పేస్‌బార్ తగిలింది. సరిగ్గా అదే క్షణంలో ఫోన్ మోగింది. మాటల్లో పడి ఎడిటర్ సంగతే మర్చిపోయాను. అదేమో అడక్కుండా సేవ్ చేసేసే రకం.

సింక్‌థింగ్ ఫోల్డర్‌ని కాపలా కాస్తూ ఉంటుంది. మార్పు కనబడ్డాక ఇంకేమైనా వస్తాయేమోనని ఓ 10 సెకన్లు ఆగి, అన్నీ కలిపి పంపేస్తుంది. అంటే అవతలి మనిషి కుశల ప్రశ్నలు ముగిసేలోగానే నా అజాగ్రత్త డెస్క్‌టాప్‌కి చేరిపోయింది. సాయంత్రం ల్యాప్‌టాప్ తెరవగానే అక్కడికీ వచ్చింది. ఎక్కడా ఒక్క ఎర్రర్ లేదు. అన్నిచోట్లా పచ్చగా 'అప్ టు డేట్' అని చూపిస్తోంది. పాపం, దాని పని అది చక్కగా చేసింది.

ఆదివారం రాత్రి ఏదో కమాండ్ కోసం ల్యాప్‌టాప్‌లో వెతికితే ఏమీ దొరకలేదు. స్పెల్లింగ్ తప్పేమోనని ఇంకోసారి వెతికాను. అప్పుడు పైకి చూస్తే ఫైలంతా తెల్లగా ఉంది. ప్రాపర్టీస్‌లో సైజు చూశాను: 1 బైటు. ఆ ఒక్క బైటు నేను కొట్టిన స్పేస్. ఒళ్ళు చల్లబడింది. హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీసి అప్పటికి రెండు నెలలయింది. ల్యాప్‌టాప్‌లో సింక్‌థింగ్ పేజీ తెరిచి అటూ ఇటూ వెతికాను. పాత ప్రతులు తెచ్చే బటనేదీ కనబడలేదు. ఫోన్లోనూ లేదు. అప్పటికి ఆశ వదులుకుని, కనీసం డెస్క్‌టాప్‌లో డిలీటైన ఫైళ్ళు రాబట్టే టూల్ ఏదైనా నడిపిద్దామని దాని ముందు కూర్చున్నాను. అలవాటు కొద్దీ అక్కడా సింక్‌థింగ్ పేజీ తెరిచాను. ఫోల్డర్ కింద, మిగతా రెండింట్లో లేని బటన్ ఒకటుంది: 'వెర్షన్స్'.

నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది. ఫైళ్ళ జాబితా, పక్కన తేదీలు. 'పనికొచ్చేవి' ఎదురుగా ఉన్న తేదీని నొక్కితే దాని పాత ప్రతులన్నీ సైజులతో సహా కిందికి జారాయి. అంత అందమైన జాబితా నేనింతవరకూ చూడలేదు. ఒకటి ఎంచుకుని 'రిస్టోర్' కొట్టాను. ఫైలు తిరిగి తన చోటికొచ్చింది, కాసేపటికి ఫోన్లోకీ ల్యాప్‌టాప్‌లోకీ పాకింది. తర్వాత కుతూహలం కొద్దీ, అసలు ఇవన్నీ ఎక్కడ దాచిందా అని చూస్తే, అదే ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేరుతో దాక్కున్న ఫోల్డర్ ఒకటుంది. అందులో 'పనికొచ్చేవి~20230622-214507' లాంటి పేర్లతో మామూలు ఫైళ్ళే ఉన్నాయి. ప్రత్యేక ఫార్మాట్లేమీ లేవు. రేపు సింక్‌థింగ్ పనిచేయకపోయినా వాటిని చేత్తో కాపీ చేసుకోవచ్చు. ఇంకో తమాషా ఏంటంటే, నేను రిస్టోర్ చేసినప్పుడు అక్కడున్న ఆ ఒక్క బైటు ఫైలుని కూడా పారేయకుండా ఇంకో వెర్షన్‌గా భద్రంగా దాచింది.

ఈ కథ చెప్పి అప్పట్లో నేను కనీసం పదిమంది చేత దీన్ని పెట్టించాను. "నీ ఫైలు ఎప్పటికీ పోదు" అని గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి.

మొదటిది: ఫైలు వచ్చింది కానీ పూర్తిగా రాలేదు. గురువారం రాత్రి భోజనం తర్వాత కూర్చుని రాసిన ముప్పై నలభై లైన్లు అందులో లేవు. అప్పుడు సంతోషంలో పట్టించుకోలేదు గానీ, తర్వాత స్టాగర్డ్ ఎలా పనిచేస్తుందో చదివితే అర్థమయింది. అది కాలం గడిచేకొద్దీ ప్రతులను పలచబరుస్తుంది. మొదటి గంటలో 30 సెకన్లకొకటి, మొదటి రోజులో గంటకొకటి, 30 రోజుల వరకూ రోజుకొకటి, ఆ తర్వాత వారానికొకటి ఉంచుతుంది. మనం మార్చకపోతే ఏడాది దాటినవాటిని తీసేస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్నవాటిలో పాతది ఉంచి కొత్తది తీసేస్తుంది. శుక్రవారమే చూసుకుని ఉంటే గురువారం రాత్రి రాసినదీ దొరికేది. ఆదివారం దాకా మొద్దు నిద్ర పోయాను కాబట్టి గురువారం సాయంత్రపు ప్రతి మాత్రమే మిగిలింది. తప్పు దానిదని అనలేను.

రెండోది నిజంగా చెమటలు పట్టించింది. మొన్నామధ్య అదే డెస్క్‌టాప్‌లో, అంటే వెర్షనింగ్ ఉన్న మెషీన్‌లోనే, అదే ఫైలు మీద ఫైండ్ అండ్ రీప్లేస్ నడిపాను. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో, అంటే వెతకాల్సినదాన్ని గుర్తులతో చెప్పే పద్ధతిలో, ఒక చుక్క ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడం మరిచాను. అది లేకపోతే చుక్కకి 'ఏ అక్షరమైనా సరే' అని అర్థం: చుక్కలు మాత్రమే మారాల్సింది, ఉన్న అక్షరాలన్నీ డాష్‌లయిపోయాయి. సేవ్ కొట్టి, ఎడిటర్ మూసేసి, ఫోన్లో చూసుకుంటే గానీ తెలియలేదు. ఏం ఫర్వాలేదు, వెర్షన్స్ ఉందిగా అని ధీమాగా బటన్ నొక్కాను. ఫోన్ నుంచో ల్యాప్‌టాప్ నుంచో వచ్చిన పాత మార్పులకు ముందటి ప్రతులున్నాయి. నాలుగు రోజులుగా నేను డెస్క్‌టాప్‌లోనే కూర్చుని రాసిందేదీ లేదు. ఇప్పుడు పాడుచేసినదానికి ముందటిదీ లేదు.

కారణం ఆలోచిస్తే చాలా సులువు. వెర్షనింగ్ అనేది వేరే మెషీన్ నుంచి వచ్చిన మార్పులకే వర్తిస్తుంది. అవతలి నుంచి కొత్త ప్రతి వచ్చినప్పుడు, దాన్ని ఇక్కడ పెట్టేముందు ఉన్నదాన్ని పక్కకు తప్పిస్తుంది. మనం కూర్చున్న మెషీన్‌లోనే మనం ఫైలు మీద రాసేస్తే, సింక్‌థింగ్‌కి తెలిసేసరికే పాతది డిస్క్ మీద ఉండదు. లేనిదాన్ని అది మాత్రం ఎలా దాస్తుంది? ఇది వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి ఉంది. సింక్‌థింగ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కాదని కూడా అక్కడే రాసి ఉంది. రెండేళ్ళు నేను చదవలేదు, పదిమందికి మాత్రం పాఠం చెప్పాను.

అప్పుడు నన్ను కాపాడింది ఏ ఫీచరూ కాదు, బద్ధకం. మూడు రోజులుగా ల్యాప్‌టాప్ సంచిలోంచి బయటకే తీయలేదు. దాన్ని తెరిస్తే వెంటనే నెట్‌కి తగులుకుని డాష్‌ల ఫైలుని దించేసుకుంటుంది. అందుకని ముందు రౌటర్ ప్లగ్ పీకి, దాని లైట్లన్నీ ఆరిపోయాయని రెండుసార్లు చూసి, అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. ఇంట్లోవాళ్ళు "నెట్ ఎందుకు పోయింది" అని అరుస్తున్నా పలకలేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనూ స్టాగర్డ్ పెట్టాను. కనీసం రెండు మెషీన్లలో ఉంటేనే ఇది నిజంగా పనికొస్తుంది. ఒకచోట నేను చేసిన తప్పుకి ముందటి ప్రతి ఇంకోచోట దొరుకుతుంది. అయితే అన్ని ఫోల్డర్లకూ పెట్టేయకండి. పాత ప్రతి అంటే తేడా మాత్రమే కాదు, ఫైలు మొత్తం. టెక్స్ట్ ఫైళ్ళకి అది లెక్కలోకి రాదు. నేను ల్యాప్‌టాప్‌లో వీడియోల ఫోల్డర్ సర్దుతూ పేర్లు మారిస్తే, డెస్క్‌టాప్ పాత పేర్లతో ఉన్నవన్నీ కూడా వెర్షన్స్‌లో దాచిపెట్టుకుంది. డిస్క్ నిండిపోయి సింక్ ఆగిపోయాక గానీ విషయం తెలియలేదు. దానికి వెర్షనింగ్ తీసేశాను.

మిగతా సంగతులు క్లుప్తంగా. ఒకే ఫైలుని రెండు చోట్ల మారిస్తే రెండూ ఉంచుతుంది, పాతదానికి 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అని పేరు తగిలిస్తుంది; ఏది కావాలో మనమే తేల్చుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాళ్ళ అధికారిక యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. నేను ఫోర్క్‌కి, అంటే అదే కోడ్ తీసుకుని వేరేవాళ్ళు నడిపిస్తున్న యాప్‌కి మారాను, బాగానే నడుస్తోంది. కానీ ఏళ్ళ తరబడి నమ్ముకున్నదాన్ని అలా మార్చుకోవాల్సి వచ్చినప్పుడు మనసులో కొంచెం గుబులు ఉంటుంది. 2025లో వచ్చిన 2.0 వెర్షన్ లోపలి డేటాబేస్‌ని ఎస్‌క్యూలైట్ అనే వేరే రకం డేటాబేస్‌కి మార్చింది. ఆ మార్పిడికి నా ముసలి డెస్క్‌టాప్ చాలాసేపే తీసుకుంది. మధ్యలో ఆపకుండా వదిలేస్తే దానంతటదే పూర్తయింది.

మీరు పెట్టుకోవాలా అంటే, నా సంగతి చెప్పగలను. నాకున్నవి ఎక్కువగా టెక్స్ట్ ఫైళ్ళు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే మూడో మెషీన్ ఒకటుంది. సెట్టింగులు కెలకడం నాకు సరదా. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఇంత ప్రేమ ఉండేది కాదేమో. ఫోనూ ల్యాప్‌టాపూ మాత్రమే ఉన్న ఒక స్నేహితుడికి పెట్టిస్తే, ఒకటి మేల్కొన్నప్పుడు ఇంకోటి నిద్రపోయి, రెండూ కలుసుకోక, నెలలోపే విసుగొచ్చి తీసేశాడు. అతనికి మళ్ళీ పెట్టుకోమని నేను చెప్పలేదు. మూలన పాత కంప్యూటర్ ఏదైనా ఉందేమో చూడమన్నాను, అంతే.