బ్రౌన్స్‌ను ముంచింది తప్పు పిక్కా, తప్పు కాంట్రాక్టా?

మా బావ క్లీవ్‌లాండ్ శివార్లలో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ వారం వచ్చిందంటే ఫోన్ చేసి అడిగేది ఒకటే: "ఈ బ్రౌన్స్ దరిద్రానికి కారణం డ్రాఫ్టా, వాట్సనా? తేల్చి చెప్పు." బ్రౌన్స్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్లీవ్‌లాండ్ టీమ్. డ్రాఫ్ట్ అంటే కొత్త ఆటగాళ్లను టీమ్‌లు రౌండ్ల వారీగా ఒకరి తర్వాత ఒకరు ఎంచుకోవడం, ఆ ఒక్కో వంతే పిక్. వాట్సన్ వాళ్లు భారీ కాంట్రాక్టు ఇచ్చి తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. ఆఫీసు ఫ్యాంటసీ లీగుల్లో ఆడే మన కుర్రాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఈసారి కూర్చుని రాస్తున్నాను.

ముందు డ్రాఫ్ట్ పాపాల చిట్టా చూద్దాం. 1999లో టీమ్ మళ్లీ మొదలైనప్పుడు నంబర్ 1 పిక్‌తో టిమ్ కౌచ్‌ను తీసుకున్నారు. తర్వాత 2007లో బ్రేడీ క్విన్, 2012లో బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాంజియెల్. ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే, ముగ్గురూ సరిగ్గా 22వ పిక్కే. మన దగ్గరైతే ఆ నంబరుకు శాంతి చేయించేవాళ్లు. డ్రాఫ్ట్ నాటికే వీడెన్‌కు 28 ఏళ్లు. అతనితో పాటు ఆ ఏడాది 3వ పిక్‌గా వచ్చిన ట్రెంట్ రిచర్డ్‌సన్‌ను రెండో సీజన్ మొదట్లోనే ఇండియానాపొలిస్‌కు ఇచ్చేశారు. బదులుగా వచ్చిన ఫస్ట్ రౌండ్ పిక్‌కు ఇంకో పిక్ కలిపి నాలుగు మెట్లు పైకెక్కి మాంజియెల్‌ను తెచ్చుకున్నారు. ఒక తప్పును అమ్మి ఇంకో తప్పును కొనడమంటే ఇదే. కౌచ్ జెర్సీ వెనక టేపు అంటించి, స్టార్ట్ చేసిన (మ్యాచ్ మొదటి నుంచి ఆడిన) క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంటూ పోయిన ఫొటో మీరూ చూసే ఉంటారు. టేపు కింద చొక్కా గుడ్డ కనబడదు.

ఇంత చిట్టా చదివాక డ్రాఫ్టే ముంచిందని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది.

కానీ మాంజియెల్ లెక్క చూడండి. నాలుగేళ్ల కాంట్రాక్టు మొత్తం విలువ దాదాపు 82.5 లక్షల డాలర్లు. ఎనిమిది మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు, 2016 మార్చిలో పంపించేశారు. పరువు పోయింది గానీ పెట్టె ఖాళీ కాలేదు. పైగా అదే 2014 డ్రాఫ్ట్‌లో, 8వ పిక్ జస్టిన్ గిల్బర్ట్, 22వ పిక్ మాంజియెల్ ఇద్దరూ నీరుగారిపోయినా, 35వ పిక్‌గా వచ్చిన జోయెల్ బిటోనియో పదేళ్లకు పైగా క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌లో గోడలా నిలబడ్డాడు. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లుంటాయి. ఒక మడి ఎండినా ఇంకో మడి పండుతుంది.

ఇంకో సంగతి. 2011కు ముందైతే నేను ఈ మాట అనేవాణ్ని కాదు. 2010లో నంబర్ 1 పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఒక్క గేమ్ ఆడకముందే 5 కోట్ల డాలర్లు గ్యారంటీ. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఒప్పందంతో రూకీల, అంటే డ్రాఫ్ట్‌లో కొత్తగా వచ్చినవాళ్ల, జీతాలకు కళ్లెం వేశాక, మరుసటేడు నంబర్ 1 కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు మొత్తం కలిపి 2.2 కోట్లు. 2007లో నంబర్ 1 పిక్‌గా జమార్కస్ రసెల్‌ను తీసుకుని చేతులు కాల్చుకున్న రైడర్స్ టీమ్ కార్చినంత కన్నీళ్లు ఇప్పుడు ఎవరూ కార్చక్కర్లేదు. 2021లో 49ఎర్స్ టీమ్ మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు పోసి ట్రే లాన్స్‌ను తెచ్చుకుని, నాలుగు స్టార్ట్‌ల తర్వాత నాలుగో రౌండ్ పిక్‌కు డల్లాస్‌కు అమ్ముకున్నారు. అయినా మునిగిపోలేదు. 2022లో చిట్టచివరి, 262వ పిక్‌గా దొరికిన బ్రాక్ పర్డీతో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్లారు.

అందుకే నేను చూసేది ఒక్కటే: తప్పు చేశాక దాన్నుంచి బయటపడటానికి ఎన్నేళ్లు పడుతుంది?

ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మన సన్‌రైజర్స్ హ్యారీ బ్రూక్‌ను 13.25 కోట్లకు కొన్నారు. ఒక్క సీజన్ చూసి వదిలేశారు, డబ్బు పర్సులోకి తిరిగొచ్చింది. తర్వాతి వేలంలోనే 20.5 కోట్లు పెట్టి కమిన్స్‌ను కొని 2024 ఫైనల్‌కు వెళ్లారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ సుఖం లేదు. ఇచ్చిన గ్యారంటీ అంతా, ఆటగాడు వెళ్లిపోయినా, డెడ్ మనీ పేరుతో క్యాప్‌లో (టీమ్ మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) కూర్చునే ఉంటుంది. అద్దెకు దిగినవాడు ఖాళీ చేసి వెళ్లాక కూడా ఆ గదికి తాళం వేసి ఉంచాల్సి రావడం లాంటిది.

ఇక వాట్సన్. బ్రౌన్స్ అతన్ని రెండుసార్లు చూశారు, అందుకే ఈ పోలికకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2017లో 12వ పిక్ వాళ్లదే. అంతకుముందు ఏడాది వెంట్జ్ అనే క్వార్టర్‌బ్యాక్ కావాలన్న ఫిలడెల్ఫియాకు 2వ పిక్ ఇచ్చి తెచ్చుకున్న వాటిలో అదొకటి. ఆ పన్నెండును హ్యూస్టన్‌కు ఇచ్చేస్తే, వాళ్లు డిషాన్ వాట్సన్‌ను తీసుకున్నారు. ఆ ఏడాది బ్రౌన్స్ 0-16, అంటే ఒక్క గెలుపూ లేదు. డ్రాఫ్ట్ తప్పులన్నిటిలో ఇదే పెద్దదని అప్పట్లో అందరూ తిట్టారు, నేనూ తిట్టాను. కానీ ఆ బేరంలో వచ్చిన హ్యూస్టన్ పిక్కే 2018లో 4వదై డెంజెల్ వార్డ్‌ను తెచ్చింది. అంటే ఆ తప్పు కూడా చేతిలో ఒక మంచి కార్నర్‌ను, అంటే పాస్‌లను అడ్డుకునే ఆటగాణ్ని, పెట్టే వెళ్లింది.

2022 మార్చిలో అదే మనిషి కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, వాటి మీద ఇంకొన్ని ఇచ్చి, 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో అయిదేళ్లకు రాసిచ్చారు. అప్పటికే అతని మీద ఇరవైకి పైగా మహిళలు వేసిన సివిల్ కేసులు నడుస్తున్నాయి. వాటి ఫలితంగా లీగ్ 11 గేమ్‌ల సస్పెన్షన్ వేసింది. 2020 సీజన్‌లో పిట్స్‌బర్గ్‌ను 48-37తో కొట్టి, 1994 సీజన్ తర్వాత తొలి ప్లేఆఫ్ గెలుపు తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్, మరుసటి సీజన్ భుజం దెబ్బతోనే ఆడి తడబడ్డాడు. ఆ ఒక్క సీజన్ చూసి అతన్ని పక్కన పెట్టేశారు.

తర్వాత మూడు సీజన్లలో వాట్సన్ స్టార్ట్ చేసినవి 19 గేమ్‌లు. 2024 అక్టోబర్‌లో సిన్సినాటీతో ఆడుతూ, ఎవరూ తగలకుండానే కాలు పట్టుకుని కూలిపోయాడు. ఎకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగింది. స్టేడియంలో కొందరు చప్పట్లు కొట్టారు. బావ టీవీ ఆపేశాడు. "టీమ్ మీద కోపం సరే, పడిపోయినవాణ్ని చూసి ఇదేంటి" అన్నాడు.

ఆ మూడు పిక్‌లు ఏమయ్యాయో కూడా చూడాలి. 2023లో వచ్చిన 12వ పిక్‌ను కలిపి హ్యూస్టన్ 3వ స్థానానికి ఎక్కి విల్ ఆండర్సన్‌ను తీసుకుంది. 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌లో అదే హ్యూస్టన్ బ్రౌన్స్‌ను 45-14తో ఉతికింది. మన పొలం అమ్మిన డబ్బుతో పక్కవాడు ఎడ్లు కొని మన గట్టునే దున్నినట్టు. ఇటు బ్రౌన్స్ జీతాన్ని బోనస్‌గా మార్చుకుంటూ లెక్కను ముందు ఏళ్లకు నెట్టుకుంటూ పోయారు. అది పేరుకుని, 2025కు కాంట్రాక్టును మళ్లీ తిరగరాయకముందు క్యాప్‌లో అతని పద్దు 7.2 కోట్లు దాటింది. ఆ ఏడాది టీమ్ మొత్తానికి క్యాప్ 27.92 కోట్లు. ఒక మనిషికే పావు వంతు, ఆ మనిషేమో ఆడలేని స్థితిలో. ఆ బేరం బెడిసికొట్టిందని 2025 మార్చిలో ఓనర్ జిమ్మీ హాస్లమే ఒప్పుకున్నాడు.

"మరి డెన్వర్?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ కోసం వాళ్లు కూడా రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, పెద్ద కాంట్రాక్టు ఇచ్చారు. రెండు సీజన్లకే అతన్ని వదిలేసి 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ మింగారు. అయినా 2024లో 10-7తో ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. కారణం 12వ పిక్‌గా తీసుకున్న బో నిక్స్, అతని చవక రూకీ జీతం. కాంట్రాక్టు రోగానికి మందు డ్రాఫ్టే. ఆ ఏడాది డెన్వర్ చేతిలో ఫస్ట్ రౌండ్ పిక్ ఉంది, క్లీవ్‌లాండ్ చేతిలో లేదు. రోగం తెచ్చుకునేటప్పుడే మందు సీసా కూడా ఇచ్చేశారు. నా ఓటు అందుకే కాంట్రాక్టుకు పడుతుంది.

ఫ్రీ ఏజెన్సీలో (కాంట్రాక్టు లేని ఆటగాళ్లను నేరుగా తీసుకునే పద్ధతిలో) ముసలి క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంటే? 2023లో 38 ఏళ్ల జో ఫ్లాకో బ్రౌన్స్‌కు వచ్చి అయిదింటిలో నాలుగు గెలిపించాడు. ఊపిరి పోసుకోవడానికి సరే, కాపురానికి కాదు. కరోలినాలా ఆటగాణ్నీ, పిక్‌లనూ కుమ్మరించి నంబర్ 1కు ఎక్కడం నాకు అసలే నచ్చదు. బ్రైస్ యంగ్ కోసం అలా చేసిన తొలి ఏడాది 2-15, ఆ పుణ్యాన వచ్చిన మరుసటేటి నంబర్ 1 పిక్ షికాగో పాలు.

2025 డ్రాఫ్ట్‌లో బ్రౌన్స్ 2వ పిక్ జాక్సన్‌విల్‌కు ఇచ్చి, 5వ పిక్‌తో మేసన్ గ్రాహమ్‌ను తీసుకుని, మరుసటేటి ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి వెనకేసుకున్నారు. మూడో రౌండ్‌లో డిల్లన్ గేబ్రియెల్, అయిదో రౌండ్‌లో షెడూర్ శాండర్స్: ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు. ఇద్దరూ చవకే, ఇద్దరూ తప్పినా రెండేళ్లలో మర్చిపోవచ్చు. ఆ వారం బావ ఫోన్ చేసి, "పిల్లాడికి ఎవరి జెర్సీ కొనమంటావ్?" అన్నాడు. డిఫెన్స్ ఆటగాడు మైల్స్ గ్యారెట్‌ది కొనమన్నాను.