తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్: ఆపరేషనా, రేడియేషనా, నిఘానా?

బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని కనబడగానే ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: ‘వెంటనే తీయించేద్దాం.’ ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిని దాటని క్యాన్సర్ చాలావరకు నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని వారాలు ఆగి, ఆలోచించి నిర్ణయించుకుంటే సాధారణంగా నష్టమేమీ ఉండదు.

ముందు బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు చూడండి, క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె అది. అది 6 ఉండి, రక్తపరీక్షలో తెలిసే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి వచ్చే ప్రొటీన్) 10 లోపే ఉండి, గడ్డ చిన్నదైతే ముప్పు తక్కువ. 7 అయితే మధ్యస్థం. 8 గానీ, ఆపైన గానీ ఉంటే లెక్క వేరు, ఇక్కడ చెప్పేవి దానికి వర్తించవు.

ఈ విషయంలో నేను ఎక్కువగా నమ్మేది బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనాన్ని. 1,643 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేసి ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్ ఇచ్చారు, మూడో జట్టును వెంటనే చికిత్స ఇవ్వకుండా పరీక్షలతో కనిపెడుతూ నిఘాలో ఉంచారు. 2023లో వెలువడిన 15 ఏళ్ల ఫలితాల ప్రకారం ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు ఏ జట్టులోనైనా నూటికి ఇంచుమించు ముగ్గురే. అయితే వ్యాధి ఇతర భాగాలకు పాకడం నిఘా జట్టులో నూటికి 9 మందిలో, మిగతా రెండింటిలో 5గురిలో కనిపించింది. నిఘాలో ఉన్నవారిలో నూటికి 60 మంది ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకున్నారు. పావు వంతు మంది మాత్రం ఏ చికిత్సా లేకుండానే పదిహేనేళ్లు గడిపారు.

అందుకే గ్లీసన్ 6 అయితే నా ఓటు నిఘాకే. కానీ నిఘా అంటే ఊరికే ఉండటం కాదు. ఆరు నెలలకోసారైనా పీఎస్‌ఏ, డాక్టరు చెప్పిన సమయానికి ఎంఆర్ఐ, మళ్లీ బయాప్సీ తప్పవు. శ్రీకాకుళం పల్లెలో ఉంటూ విశాఖ వరకు తీసుకెళ్లే తోడు లేని పెద్దాయనకు ఇది కాగితం మీదే మంచి పద్ధతి. పరీక్షలకు వెళ్లడం కుదరదనుకుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పేయాలి.

గ్లీసన్ 7 దగ్గరే అసలు మల్లగుల్లాలు. ప్రాణం నిలబెట్టడంలో ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆ తర్వాతి బతుకులో. ఆపరేషన్ అయ్యాక వారం పది రోజులు మూత్రపు గొట్టంతో ఉండాలి. అది తీశాక దగ్గినా, లేచి నిలబడినా చుక్కలు పడతాయి. ప్రొటెక్ట్‌లో ఆరు నెలలకు దాదాపు సగం మంది ప్యాడ్ వాడుతున్నారు. ఆరేళ్లకు ఆ సంఖ్య నూటికి 17కు తగ్గింది, రేడియేషన్ జట్టులో నలుగురే. లైంగిక సామర్థ్యం కూడా ఆపరేషన్‌తోనే ఎక్కువ దెబ్బతింటుంది. రోబో యంత్రంతో చేసే ఆపరేషన్ అయితే ఇవేవీ ఉండవని నమ్మకండి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జరిగిన అధ్యయనంలో దాన్ని మామూలుగా కోసి చేసే ఓపెన్ సర్జరీతో పోల్చినప్పుడు రెండేళ్ల తర్వాత ఈ రెండు విషయాల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. యంత్రం కన్నా సర్జన్ చేతి అనుభవం ముఖ్యం.

మన ఊళ్లలో ‘కరెంటు పెట్టించడం’ అనే రేడియేషన్‌లో కోత లేదు. చాలామందికి నాలుగు వారాల్లో 20 సిట్టింగులు, తగిన యంత్రం ఉన్నచోట కొందరికి అయిదే. ప్రతిసారీ నీళ్లు తాగి, మూత్రాశయం నిండేదాకా ఆపుకుని బల్ల ఎక్కాలి. మలంలో రక్తం, ఆపుకోలేని విరేచనం కొందరికి ఏళ్ల తర్వాత కూడా వస్తాయి. కొందరికి కొన్ని నెలలపాటు హార్మోన్ ఇంజెక్షన్లు తోడవుతాయి. వాటితో ఒంట్లో ఆవిర్లు, నీరసం. గుండె జబ్బుతో మత్తు తట్టుకోలేనివారికి, డెబ్బై దాటినవారికి నేను రేడియేషనే మేలంటాను. ఇప్పటికే మూత్రం ధార సన్నబడి రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేచే మనిషికి మాత్రం ఆపరేషనే నయం, అడ్డు కూడా తొలగిపోతుంది. పైగా ఆపరేషన్ తర్వాత వ్యాధి తిరగబెడితే రేడియేషన్ ఇవ్వవచ్చు. రేడియేషన్ తర్వాత ఆపరేషన్ చాలా కష్టం.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. ‘నాన్నకు చెప్పకండి’ అంటూ కొడుకులే అన్నీ నిర్ణయించేస్తారు. ప్యాడ్ కట్టుకోవలసింది ఆయన. దాంపత్యంలో వచ్చే మార్పు అనుభవించవలసింది ఆయన, అమ్మ. డాక్టరు గదిలో ఆ ఇద్దరూ ఉండాలి, అడగవలసినవి వాళ్లే అడగాలి. ఆపరేషన్ చేసే యూరాలజిస్టు సహజంగా దానివైపే మొగ్గుతారు కాబట్టి, సంతకం చేసే ముందు రేడియేషన్ ఇచ్చే డాక్టరును (రేడియేషన్ ఆంకాలజిస్టును) కూడా కలవండి. ‘మీరు ఏటా ఇలాంటివి ఎన్ని చేస్తారు? ఏడాది తర్వాత వారిలో ఎందరికి ప్యాడ్ అవసరం లేకుండా పోయింది?’ అని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి.