వాడ బడికా, బస్సెక్కి ఊళ్లోని బడికా?

బల్గేరియాలోని విదిన్ పట్టణంలో నోవ్ పాత్ అనే రోమా వాడ ఉంది. రోమాలు యూరప్‌లో చాలాకాలంగా వివక్షకు గురవుతున్న ఒక మైనారిటీ జాతివారు. 2000లో డ్రోమ్ అనే స్థానిక రోమా సంస్థ బస్సులు పెట్టి ఆ వాడ పిల్లలను రోమా పిల్లలు, ఇతర పిల్లలు కలిసి చదివే ఊళ్లోని మిశ్రమ బడులకు పంపడం మొదలుపెట్టడంతో తల్లిదండ్రుల ముందు రెండు దారులు నిలిచాయి: రోమా పిల్లలే చదివే వాడ బడి, ఊళ్లోని మిశ్రమ బడి.

ఖర్చు: వాడ బడికి నడిచి వెళ్లవచ్చు. ఊళ్లోని బడికి బస్సు కావాలి. దాని ఖర్చు ఎవరో భరించినన్నాళ్లే అది తిరుగుతుంది.

శ్రమ: వాడ బడి పిలిస్తే పలికేంత దూరం. బస్సు బడికి పిల్లలను పెందలాడే లేపి సిద్ధం చేయాలి. విదిన్‌లో పిల్లల వెంట బస్సులో వెళ్లి, బడిలోనూ వారిని కనిపెట్టుకొని ఉండే రోమా పెద్దలను నియమించారు. నా దృష్టిలో బస్సు కన్నా ఆ తోడే ముఖ్యం.

ముప్పు: మిశ్రమ బడిలో వెక్కిరింత, వెనక బల్ల ఎదురుకావచ్చు. వాడ బడిలో ఆ బాధ తక్కువే గాని, ఇంట్లో రోమాల భాష రోమానీ మాట్లాడే పిల్లకు బల్గేరియన్ మాట్లాడే తోటివారు దొరకరు, ఆ లోటు తర్వాత ఉద్యోగం అడిగే చోట బయటపడుతుంది. వేరు చేయడం ఎంత దూరం పోగలదో చెక్ రిపబ్లిక్‌లోని ఒస్త్రావా చూపింది: మానసిక వైకల్యం గల పిల్లల కోసం పెట్టిన ప్రత్యేక బడుల్లో వేసిన 18 మంది రోమా పిల్లల విషయంలో, అది వివక్షేనని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2007 నవంబరు 13న తీర్పు చెప్పింది.

తోడు వచ్చే మనిషి, నిలకడైన బస్సు ఉంటే ఊళ్లోని బడే మేలు. ఆ రెండూ లేనిచోట, ముఖ్యంగా మరీ చిన్నపిల్లలకు, దగ్గరి బడిలో చేర్పించి భాష నేర్పే పూర్వ ప్రాథమిక తరగతి కోసం పట్టుబట్టడం నయం.