లోథల్ చూడాలా, ధోలావీరా చూడాలా?

గుజరాత్‌లో హరప్పా కాలం నాటి తీరప్రాంత ఊళ్ళలో ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఏది? సముద్రం మాత్రం ఇప్పుడు రెండు చోట్లా కనపడదు, ముందే చెప్తున్నా.

లోథల్ ఈజీ, అహ్మదాబాద్ నుంచి 80 కి.మీ. పైచిలుకు, పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి వచ్చేయొచ్చు. అసలు చూడాల్సింది కాల్చిన ఇటుకలతో కట్టిన ఆ పెద్ద తొట్టి, పొడవు 200 మీటర్ల పైనే, 1955 నుంచి తవ్వకాలు చేయించిన ఎస్.ఆర్.రావు గారు అది ఓడలు ఆగే డాక్ అన్నారు, కొందరేమో కాదు నీళ్ళ చెరువు అంటారు, నాకైతే డాక్ అనే నమ్మకం. పక్కనే మ్యూజియం, పూసలూ ముద్రలూ వదలకండి.

ధోలావీరా దూరం, కచ్ రణ్ అనే ఉప్పు ఎడారి మధ్యలో, ఒక రాత్రి ఉండాల్సిందే. కానీ అబ్బ, అక్కడ రాతి కట్టడాలు! వానలే సరిగ్గా పడని చోట రెండు వాగుల నీళ్ళు మళ్ళించి, రాయి తొలిచి అంతంత ట్యాంకులు కట్టుకున్నారు, మెట్ల పక్కన నిలబడితే కదలబుద్ధి కాదు. ఉత్తర ద్వారం దగ్గర దొరికిన, హరప్పా వాళ్ళ లిపిలో పది గుర్తులున్న బోర్డుని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

పిల్లలతో, ఒక్కరోజే అయితే లోథల్. రెండ్రోజులుంటే మాత్రం ఆలోచించకుండా ధోలావీరా, అదీ చలికాలంలోనే.